డ్యాష్‌బోర్డు లైట్లన్నీ కలిసి వెలుగుతుంటే ఈసీయూ కంటే ముందు కొలవాల్సినవి

మీరు రాసినదాంట్లో పనికొచ్చే సంగతులు ఇవి. 2020 మోడల్ బీఎస్-6 పెట్రోల్ చిన్న కారు, హన్మకొండలో ఆరుబయటే పార్కింగ్. రెండు మూడు రోజులు తీయకపోతే సెల్ఫ్ తిరగడం లేదు, టకటకమని రిలే కొట్టుకుంటోంది. జంపర్ పెట్టి లేపితే ఇంజిన్ లైటు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టీరింగ్ లైట్లు మూడూ వెలిగి, కొంతదూరం పోయాక ఒకటో రెండో ఆరిపోతున్నాయి. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మారాయి. నిరుడు ఆండ్రాయిడ్ స్టీరియో, రివర్స్ కెమెరా పెట్టించారు. వానలు మొదలైనప్పటి నుంచి తంటా ఎక్కువైంది. మెకానిక్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, మార్చాలంటున్నాడు.

ఈసీయూ జోలికి ఇప్పుడే పోవద్దు. ఇంజిన్‌కు, ఏబీఎస్‌కు, స్టీరింగ్‌కు వేర్వేరు కంప్యూటర్లు ఉంటాయి. మూడూ ఒకేరోజు చెడిపోవు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి, ఇంజిన్‌కు కలిపే దారి), వాటి మధ్య మాటలు మోసే రెండు క్యాన్ వైర్లు. వోల్టేజీ 9, 10కి పడిపోయిన క్షణంలో ఒక్కో మాడ్యూల్, అంటే ఆ కంప్యూటర్లలో ఒక్కోటి, తనకు అన్నం అందలేదని లోపం కోడ్ రాసుకుని లైటు వెలిగిస్తుంది. తర్వాత చార్జింగ్ సరిగా వస్తే కొన్ని వాటంతటవే ఆరిపోతాయి. మీ బండిలో జరుగుతున్నది ఇదే. కాబట్టి ప్రశ్న రెండు ముక్కలు: నిలబెట్టిన బండిలో కరంటు ఎవరు తాగుతున్నారు, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ ఎక్కడ పోతోంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, 10 నంబర్ పానా, మొసలి క్లిప్పులున్న రెండు వైర్లు, చిన్న బల్బు టెస్ట్ ల్యాంపు, ఫోన్‌కు బ్లూటూత్‌లో కలిసి బండిలోని కోడ్‌లు చదివే ఓబీడీ అడాప్టర్. టెస్ట్ ల్యాంపును ఫ్యూజుల దగ్గర, హెడ్‌లైట్ల దగ్గరే వాడండి. ఈసీయూకు పోయే సన్న వైర్ల మీద పెడితే బల్బు లాగే కరంటుకు ఈసీయూ లోపలి డ్రైవర్ సర్క్యూట్ కాలిపోవచ్చు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని మీటరుతో కూడా ముట్టుకోవద్దు. స్టీరింగ్ చుట్టుపక్కల పనుంటే నెగటివ్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండికి పొద్దున బానెట్ ఎత్తి కొలవండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 సగం, 12.0 పావు, 11.8 అంటే ఖాళీ. అప్పుడే నడిపి ఆపిన బండికి కొలిస్తే పైపై చార్జికి 12.9 చూపించి మోసం చేస్తుంది. అలాంటప్పుడు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి కొలవాలి. చార్జర్‌తో నిండా ఎక్కించాకే మిగతా పరీక్షలు. సగం ఖాళీ బ్యాటరీతో చేసే ఏ పరీక్షా నమ్మదగింది కాదు. చాలా మెకానిక్ షెడ్లలో ఈ ఒక్క మెట్టు దాటేసి నేరుగా కోడ్‌లు చదివే స్కానర్ పెడతారు, అక్కడే దారి తప్పుతుంది.

నిండిన బ్యాటరీ మీద ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. ఇంజిన్ లేవకుండా ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి. నాలుగైదు సెకన్లు తిరుగుతుండగా బ్యాటరీ గుబ్బల మీదే, అంటే క్లాంపు మీద కాకుండా సీసపు గుబ్బ మీద, మీటరు 9.6 కంటే తగ్గకూడదు. మంచి బ్యాటరీ ఉన్న చిన్న పెట్రోల్ కారులో 10 పైనే నిలబడుతుంది. తగ్గితే బ్యాటరీదే తప్పు. మన దగ్గర దానికి చలికంటే ఎండే శత్రువు. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే ఎండల్లో బానెట్ కింద ఉడికిన బ్యాటరీ వేసవిలో దెబ్బ తిని, వానాకాలంలోనో చలికాలంలోనో మొరాయిస్తుంది. అయితే ఏడాదిన్నరలో రెండు పోవడం ఎండ పని కాదు. మళ్లీ మళ్లీ పూర్తిగా ఖాళీ అయిన సీసపు బ్యాటరీ ప్లేట్లు సల్ఫేటు పట్టి గట్టిపడతాయి. మీ కొత్త బ్యాటరీని చంపుతున్నది బయటి కారణమే.

ఇప్పుడు ఎక్కువమంది వదిలేసే పరీక్ష, వోల్టేజీ డ్రాప్. మీటరు ఎర్ర మొన ఇంజిన్ లోహం మీద, డైనమో బిగించిన బోల్టు లాంటి పెయింటు లేని చోట. నల్ల మొన బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద. సెల్ఫ్ కొడుతుండగా 0.2 వోల్టు లోపు రావాలి. 0.5 దాటిందంటే ఎర్త్ కేబుల్‌లోనో, దాని బోల్టు దగ్గరో అడ్డం ఉంది. అలాగే పాజిటివ్ గుబ్బకూ సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టుకూ మధ్య 0.5 లోపు ఉండాలి. గుబ్బకూ దానికి బిగించిన క్లాంపుకూ మధ్య కూడా చూడండి, 0.1 దాటకూడదు.

దీన్ని ఓమ్స్‌లో కొలిచి "ఎర్త్ బాగానే ఉంది, సున్నా చూపిస్తోంది" అనేవాళ్లున్నారు. అది లెక్కలోకి రాదు. చిన్న కారు సెల్ఫ్ 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉన్నా 120 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టు మాయమవుతుంది. మామూలు మీటరు 0.01 ఓమ్‌ను చూపించలేదు, దానికి అది సున్నాయే. పది పోగుల్లో తొమ్మిది తెగిన కేబుల్ కూడా ఓమ్స్‌లో ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకే బరువు మోస్తుండగా వోల్టేజీ చూడాలి.

ఎర్త్ చెడ్డదని తేలితే బాగు చేయడం సులువు. నెగటివ్ తీసి, బాడీ మీద ఎర్త్ బోల్టు విప్పి, రింగు టెర్మినల్‌నూ దాని కింద రేకునూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకాలి. పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన వాజ్‌లీన్ పూయాలి. ముందే పూసి బిగించొద్దు. బ్యాటరీ గుబ్బల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి ఆరబెట్టండి. బాడీ నుంచి గేర్‌బాక్స్‌కు పోయే ఎర్త్ జడను కూడా మరిచిపోవద్దు, కింద బురద కొట్టేచోట ఉంటుంది కాబట్టి అదే ముందు తినేసుకుంటుంది. అనుమానంగా ఉంటే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ ఒకటి నెగటివ్ నుంచి గేర్‌బాక్స్ బోల్టుకు అదనంగా వేయొచ్చు. అయితే నెగటివ్ గుబ్బ మీద చిన్న నల్ల సెన్సర్ డబ్బీ ఉన్న బండ్లలో కొత్త వైరు గుబ్బకు కాకుండా బాడీ ఎర్త్ బోల్టుకు వేయాలి. గుబ్బకు వేస్తే ఆ కరంటు సెన్సర్ లెక్కకు రాదు.

చార్జింగ్ సంగతి తొందరగా చూసేయొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఫుల్లుగా వేసినా 13.2 కంటే కిందికి పోవద్దు. కొత్త బండ్లలో డైనమోను ఈసీయూ నడుపుతుంది, బ్యాటరీ నిండితే కావాలనే 12.8కి దించుతుంది. అది చూసి డైనమో పోయిందనుకోవద్దు. హెడ్‌లైట్లు వేసి చూడండి, పైకి లేస్తే మంచిదే. మీటరును ఏసీ వోల్టులకు మార్చి కూడా చూడండి. 0.1 లోపైతే మంచిది, 0.5 దాటితే డైనమోలో డయోడ్ (కరంటును ఒకవైపే పోనిచ్చేది) పోయినట్టే. కొన్ని చవక మీటర్లు ఏసీలో 28, 30 అని చూపిస్తాయి, అది మీటరు లోపం. మొనలు అటూఇటూ మార్చి పెట్టండి.

ఇక అసలు దొంగ దగ్గరికి. బండి ఆపి తాళం వేశాక మాడ్యూళ్లన్నీ ఒక్కొక్కటిగా నిద్రపోవాలి. దానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టొచ్చు. నిద్రపోయాక మొత్తం బండి లాగేది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి, చిన్న కార్లలో 20, 30 దగ్గర ఉంటుంది. మీ 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి లెక్క వేయండి. 300 మిల్లీ ఆంపియర్లు కారుతుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 21.6. బ్యాటరీలో సగం కంటే ఎక్కువ పోయింది, ఇక సెల్ఫ్ ఎక్కడ తిరుగుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల మంచి బండైనా నెల రోజులు నిలబెడితే అదే 21.6 పోతుంది. జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చి పోయేవాళ్ల బండ్లు చెడిపోయేది ఇందుకే. అలాంటి బండికి నెగటివ్ తీసిపెట్టడమే మందు.

కొలిచే పద్ధతి: డోర్లు తెరిచి, లాక్ నోటిలో స్క్రూడ్రైవర్‌తో నాలుకను మూసిన స్థితికి నొక్కండి, డోరు మూసుకుందని బండి అనుకుంటుంది. బానెట్ స్విచ్ ఉంటే దాన్నీ నొక్కి కట్టేయండి. స్మార్ట్ కీ అయితే తాళంచెవి ఇంటి లోపల పెట్టి రండి, దగ్గరుంటే బండి నిద్రపోదు. మీటరును 10 ఆంపియర్ల గాడిలో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ గుబ్బకు, ఇంకోటి నెగటివ్ కేబుల్ క్లాంపుకు క్లిప్పులతో తగిలించాకే క్లాంపు పైకి లేపాలి. ముందు విప్పి తర్వాత మీటరు పెడితే అన్నీ మళ్లీ మేలుకుంటాయి, లెక్క మొదటికొస్తుంది. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంటి కరంటు పనివాళ్ల దగ్గరుండే క్లాంపు మీటరు అడిగి తెచ్చుకోవద్దు. అందులో ఎక్కువ భాగం ఏసీని మాత్రమే కొలుస్తాయి.

అరగంట తర్వాత కూడా 50 మీద ఉంటే ఫ్యూజులు పీకడం మొదలుపెట్టకండి. పీకి పెట్టినప్పుడల్లా ఏదో ఒక మాడ్యూల్ మేలుకుంటుంది. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి ఆ రెండు చుక్కల మీద మొనలు ఆనించండి. కరంటు పారని ఫ్యూజు 0.0 చూపిస్తుంది. పారేది చిన్న అంకె చూపిస్తుంది. మినీ ఫ్యూజులకు సుమారు లెక్క ఇది: ఎర్ర 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 1 మిల్లీవోల్టు అంటే దాదాపు 130 మిల్లీ ఆంపియర్లు, నీలం 15 మీద 200, పసుపు 20 మీద 300. బానెట్ కింది పెట్టెలో, డ్యాష్‌బోర్డు కింది పెట్టెలో రెండింటిలోనూ వరుసగా చూసుకుంటూ పోవాలి. ఇరవై నిమిషాల పని, ఒక్క ఫ్యూజు కూడా పీకకుండా దొంగ ఏ సర్క్యూట్లో ఉన్నాడో తెలిసిపోతుంది.

మీ లక్షణాలకు నా అనుమానం స్టీరియో మీదే. ఆడియో ఫ్యూజు మీద అంకె కనబడితే స్టీరియో బయటికి లాగి వెనక వైర్లు చూడండి. పసుపు వైరు ఎప్పుడూ 12 వోల్టులది, మెమరీ కోసం. ఎర్రదాంట్లో తాళంచెవి తిప్పి ఆన్ చేసినప్పుడే కరంటు రావాలి. నల్లది ఎర్త్. బిగించేవాళ్లు తొందరలో ఎర్రదాన్ని కూడా పసుపుతో కలిపి మెలిపెట్టి టేపు చుడితే స్టీరియోకు బండి ఆగిన సంగతే తెలియదు. తాళంచెవి తీసి ఎర్ర వైరు మీద కొలవండి, సున్నా ఉండాలి. వైరింగ్ సరిగ్గానే ఉన్నా కొన్ని ఆండ్రాయిడ్ స్టీరియోల సెట్టింగుల్లో త్వరగా లేవడానికి నిద్ర మోడ్ పెట్టి ఉంటుంది, దాన్ని ఆపేసి మళ్లీ కొలవండి. రివర్స్ కెమెరా వైరు డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టం గుండా పోయిందా, లేక తలుపు సందులోంచి నలిగేలా లాగారా చూడండి. నలిగిన చోట వాన నీళ్లు చేరితే రివర్స్ లైటు ఫ్యూజు కూడా తరచూ పోతుంది.

ఏ ఫ్యూజు మీదా అంకె రాకపోతే మిగిలేవి ఫ్యూజు పెట్టెతో పని లేకుండా బ్యాటరీకి నేరుగా తగిలేవి: జీపీఎస్ ట్రాకర్, అదనపు హారన్, ఫాగ్ లైట్లు, చివరికి డైనమో. నెగటివ్ విప్పి, డైనమో లావు వైరు తీసి టేపు చుట్టి, నిద్రపోయిన బండి లాగే కరంటు మళ్లీ కొలవండి. అంకె పడిపోతే డయోడ్ వెనక్కి కరంటు వదులుతోంది.

వానల్లో ఎక్కువవుతోందన్నారు కాబట్టి చిలుము కూడా చూడాలి. ఏబీఎస్ చక్రం సెన్సర్ కప్లర్లు, బానెట్ కింది ఫ్యూజు పెట్టె అడుగు, డ్రైవర్ పక్క కార్పెట్ కింది కప్లర్లు విప్పి పిన్నుల మీద పచ్చగా కనబడుతుందేమో చూడండి. ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది. సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టించడం మానుకోండి. 2023 జూలై లాంటి వానకు నయీంనగర్ వైపు బండి నీళ్లలో నిలబడిందంటే మాత్రం తాళం తిప్పకుండా ముందు నెగటివ్ తీయాలి, ఆరాకే మిగతాది.

ఎలుకల సంగతి మన దగ్గర వేరుగా చెప్పాలి. వరికోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గి ఇళ్లవైపు వస్తాయి. వెచ్చగా ఉండే ఇంజిన్ పైన గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. బ్యాటరీ పక్కన, ఇంజిన్ వెనక గోడ దగ్గర టార్చి వేసి పెంటికలు, కొరికిన ముక్కలు వెతకండి. ఎనుమాముల మార్కెట్ మిరపకారం తెచ్చి చల్లమని సలహా ఇస్తారు. అది బ్లోయర్ గుండా లోపలికి వచ్చి మీకే కళ్లు మండుతాయి. ఇనుప జాలీ కట్టించడం, రాత్రి బానెట్ తెరిచి ఉంచడం మేలు. కొరికిన వైరు అతికేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టడం చాలదు. టంకం వేసి వేడికి ముడుచుకునే స్లీవ్ వేయాలి. జంటగా మెలిక తిరిగి ఉన్న క్యాన్ వైర్లయితే మెలికను అలాగే తిప్పి పెట్టాలి, విప్పిన భాగం రెండంగుళాలు మించకూడదు.

ఆ క్యాన్ వైర్ల పరీక్ష ఇది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఓబీడీ సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 రావాలి, ఎందుకంటే రెండు కొసల్లో 120 ఓమ్స్ చొప్పున రెండు రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 60 వచ్చి, స్కానర్‌కు ఒక్క మాడ్యూల్ మాత్రం పలకకపోతే ఆ మాడ్యూల్ ఫ్యూజు, ఎర్త్ చూడండి. కోడ్‌లలో పీ0562 అంటే వోల్టేజీ తక్కువైంది. యూ0100 అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో మాట తెగింది. యూ అక్షరంతో మొదలయ్యేవి పదున్నా భయపడొద్దు. ముందు అన్నీ ఫొటో తీసుకుని, తుడిచి, నిండు బ్యాటరీతో రెండు రోజులు నడిపి, తిరిగి వచ్చినవాటినే లెక్కలోకి తీసుకోవాలి.

జంపర్ పెట్టేటప్పుడు ఇంకో మాట. ఎర్రది రెండు పాజిటివ్‌లకు, నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు, దాని రెండో కొస మీ ఇంజిన్ లోహానికి. లారీ దగ్గర కరంటు అడగొద్దు, అది 24 వోల్టులది, మాడ్యూళ్లు నిజంగానే కాలిపోతాయి. డైనమో పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే పాత అలవాటు అంబాసిడర్‌కు చెల్లింది, ఈ బండికి చెల్లదు. బాడీకి వెల్డింగ్ ఉంటే నెగటివ్ తీసి చేయించండి.

ఈసీయూ నిజంగా పోయిందో లేదో ఎలా తేలుతుందంటే, తాళం ఆన్ చేయగానే ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే ఈసీయూకు కరంటే అందడం లేదు, ముందు మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఇంజిన్ మీది ఎర్త్ బోల్టులు. వెలిగితే ఏదో ఒక మూడు వైర్ల సెన్సర్ కప్లర్ విప్పి 5 వోల్టుల వైరు కొలవండి. 5 వస్తే ఆ భాగం బతికే ఉంది. రాకపోతే అదే లైను మీదున్న సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా విప్పుతూ పొండి. ఏది విప్పినప్పుడు 5 తిరిగొస్తే ఆ సెన్సరో దాని వైరో షార్టయింది, ఈసీయూ కాదు. అన్ని కప్లర్లూ విప్పి, కరంటూ ఎర్తూ సరిగా అందుతున్నా 5 రాకపోతే అప్పుడు ఈసీయూను అనుమానించాలి. అప్పుడైనా ఏ పిన్నులో ఏం రావడం లేదో చీటీ మీద రాసివ్వమని అడగండి. పాత ఈసీయూ మీ దగ్గరే ఉంచుకోండి. సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి పెడితే తాళంచెవి ఇమ్మొబిలైజర్‌తో (సరైన తాళంచెవి లేకుంటే బండిని లేవనివ్వని ఏర్పాటు) జత కుదర్చకుండా బండి లేవదు, ఆ ఖర్చు కూడా ముందే మాట్లాడుకోండి.